వాడొట్టి ట్యూబ్‌లైట్!

పెళ్లిపందిట్లో బావ జోకేస్తాడు. అందరూ నవ్వేస్తారు. బామ్మర్ది మాత్రం అటూ ఇటూ చూస్తాడు. నవ్వులన్నీ సద్దుమణిగి, ఇంకెవరో ఇంకో కబురు ఎత్తుకున్నాక... అప్పుడు ఒక్కడే పగలబడి నవ్వుతాడు. ‘వీడొట్టి ట్యూబ్‌లైట్‌రా బాబూ’ అని మళ్లీ నవ్వులు. ఈ మాటకు అర్థం తెలియని తెలుగువాళ్లు తక్కువ. మీట నొక్కగానే వెలగకుండా, రెండు మూడుసార్లు కొట్టుకుని కొట్టుకుని ఆనక వెలిగేది ట్యూబ్‌లైట్. అలాంటి బుర్రకూ అదే పేరు.

ఇప్పుడు ఎల్‌ఈడీలొచ్చాయి. మీట నొక్కీ నొక్కగానే వెలుగుతున్నాయి. స్టార్టరూ, చోకూ ఉన్న లావుపాటి నాలుగడుగుల గొట్టాలు ఒక్కొక్కటే గోడ దిగిపోతున్నాయి. తిట్టు మాత్రం మిగిలింది.

ఆ తిట్టులో చిన్న అన్యాయముంది. ట్యూబ్‌లైట్ తటపటాయించే ఆ రెండు క్షణాల్లో అసలేం జరుగుతోందో అర్థం చేసుకోవడానికి భౌతికశాస్త్రానికి రెండు వందల ఏళ్లకు పైనే పట్టింది. ఆ దారిలో వెలిగీ వెలగక ఆగిపోయినవాళ్లలో మహామహులున్నారు. వాళ్లకేమీ తెలివి తక్కువై కాదు. చేతిలో ఉన్న గొట్టంలో గాలి ఇంకాస్త మిగిలిపోయి!

జాతరలో పరుగు

మామూలుగా గాలి కరెంటును పోనివ్వదు. ప్లగ్గులో రెండు రంధ్రాల మధ్య ఉన్నది కాస్తంత ఎడమే. అయినా కరెంటు అందులోంచి ఇటు దూకదు. మామూలు గాలిలో ఒక్క సెంటీమీటరు దాటాలంటే దానికి దాదాపు 30 వేల వోల్టులు కావాలి. మరి నాలుగడుగుల గొట్టంలో, ఇంట్లోకి వచ్చే 230 వోల్టులతోనే ఎలా పారుతోంది?

గొట్టంలో గాలి లేదు కాబట్టి. ఉన్నదంతా తోడేసి, కొద్దిగా ఆర్గాన్ వాయువు, రవ్వంత పాదరసం పెట్టి మూసేశారు కాబట్టి. బయటి గాలి పీడనం ఎంతో, లోపల అందులో కొన్ని వందల వంతుల్లో ఒకటి మాత్రమే.

కిక్కిరిసిన జాతరలో పరిగెత్తాలని చూడండి. అడుగు వేసేలోపే ఎవరికో ఒకరికి తగులుతారు. వేగం అందుకునే వీలే ఉండదు. మామూలు గాలిలో ఎలక్ట్రాన్ పరిస్థితి అదే. జనం పలచబడితే పరుగు వేగం అందుకుంటుంది. అప్పుడు ఎదురైన అణువును గుద్దితే దాన్లోంచి ఇంకో ఎలక్ట్రాన్ ఊడిపడుతుంది. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. చూస్తుండగానే కరెంటు ప్రవాహమైపోతుంది. గుద్దుళ్లకు అదిరిన అణువులు వెలుగు చిమ్ముతాయి. తెలుగు మీడియం పుస్తకాల్లో ‘విద్యుదుత్సర్గం’ అని నోరు తిరగని పేరుతో కనిపించేది ఇదే.

మరి ఇంకా ఇంకా తోడేస్తే? జాతర ముగిసి మైదానం ఖాళీ అయిపోతుంది. పరుగుకు అడ్డు లేదు కానీ గుద్దడానికి ఎవరూ దొరకరు. ప్రవాహం మళ్లీ కష్టమవుతుంది. లోపలి పీడనాన్ని, రెండు ధ్రువాల మధ్య దూరాన్ని గుణిస్తే వచ్చే విలువను బట్టే ఎన్ని వోల్టులు కావాలో తేలుతుందని జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ పాషెన్ 1889లో చూపించాడు. ఎంత అనువుగా అమర్చినా గాలి విషయంలో సుమారు 330 వోల్టులకు తగ్గితే పని జరగదు.

ట్యూబ్‌లైట్ కొట్టుకునేది కూడా ఇలాంటి ఇబ్బంది వల్లే. ఇంటి కరెంటు ఒక్కటే దాన్ని వెలిగించలేదు. దానికి స్టార్టరు సాయం కావాలి. ఆ బుల్లి డబ్బీలో ఉన్నదీ ఒక చిన్న ఉత్సర్గనాళమే! మీట నొక్కగానే ముందు వెలిగేది అదే. ఆ వేడికి లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ వంగి ఎదుటి తీగను తాకుతుంది. అప్పుడు కరెంటు ట్యూబు చివర్లలోని ఫిలమెంట్లలో పారి వాటిని కాలుస్తుంది. చివర్లు ఎర్రబడటం చూసే ఉంటారు. కాలిన ఫిలమెంటు ఎలక్ట్రాన్లను వెదజల్లుతుంది. ఈలోగా స్టార్టరులో వెలుగు ఆరి, పట్టీ చల్లబడి వెనక్కి వస్తుంది. దారి తెగిన ఆ క్షణంలో చోకు కొన్ని వందల వోల్టుల దెబ్బ వేస్తుంది. ట్యూబు వెలుగుతుంది. దెబ్బ సరిగ్గా పడలేదా... కథ మళ్లీ మొదటికి!

బేరోమీటరులో మెరుపు

ఈ వెలుగును మొదట చూసినవాళ్లకు కరెంటు సంగతే తెలియదు. 1675లో ఫ్రాన్సు ఖగోళ శాస్త్రవేత్త జాన్ పికార్ రాత్రిపూట బేరోమీటరును ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్తున్నాడు. పాదరసం ఊగినప్పుడల్లా దాని పైనున్న ఖాళీలో ఏదో మిణుకుమంది. ఏమీ లేదనుకున్న చోట వెలుగేమిటి?

1705 ప్రాంతంలో లండన్‌లో ఫ్రాన్సిస్ హాక్స్‌బీ ఓ గాజు గోళంలోంచి గాలి తోడేసి, గిరగిరా తిప్పుతూ అరచేయి ఆనించాడు. ఆ రాపిడికే గోళం నిండా వెలుగొచ్చింది. దగ్గర పెట్టుకుంటే పెద్ద అక్షరాలు చదువుకునేంత వెలుగు! చూసినవాళ్లంతా ఔరా అన్నారు. ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. 1838లో మైకేల్ ఫారడే గాలి పలచబరిచిన గొట్టంలో కరెంటు పంపి చూస్తే వెలుగుల మధ్య ఓ చీకటి పట్టీ కనిపించింది. ఆయనా అక్కడితో ఆగిపోవాల్సి వచ్చింది. అప్పటి పంపులు అంతకంటే గాలి తోడలేవు.

గాజు పనివాడి పంపు

ఆ అడ్డు తొలగించింది ప్రొఫెసరు కాదు, గాజు ఊదే పనివాడు. పేరు హైన్రిచ్ గీస్లర్. జర్మనీలోని బాన్ నగరంలో విశ్వవిద్యాలయానికి కావాల్సిన గాజు సామాను చేసిపెట్టేవాడు. మామూలు పంపులో ముషలకం చుట్టూ గాలి లీకవుతుంది కదా. 1855లో ఆయన ముషలకమే లేని పంపు చేశాడు. పాదరసం తొట్టిని చేత్తో పైకెత్తడం, దించడం... దించినప్పుడల్లా పాదరసం తనతోపాటు గొట్టంలోని గాలినీ కిందికి లాగుతుంది. ఎత్తినప్పుడు ఆ గాలిని బయటికి నెట్టేస్తుంది. ఎన్నిసార్లు ఓపిగ్గా ఎత్తి దించితే అంత ఖాళీ.

1857లో ఆయన చేసిన గొట్టాలు రంగురంగుల్లో వెలిగి యూరప్‌ను మురిపించాయి. బాన్‌లో ప్రొఫెసరు యూలియస్ ప్లూకర్ వాటికి ‘గీస్లర్ గొట్టాలు’ అని పనివాడి పేరే పెట్టాడు. 1868లో విశ్వవిద్యాలయం గీస్లర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1858లో ప్లూకర్ ఓ వింత చూశాడు. గొట్టంలో గాలి బాగా తగ్గినప్పుడు కాథోడ్ దగ్గర, అంటే రుణధ్రువం దగ్గర, గాజు మీద ఆకుపచ్చ మెరుపు. అయస్కాంతం తెస్తే ఆ మెరుపు పక్కకు జరిగింది. 1869లో ఆయన శిష్యుడు హిట్టార్ఫ్ ఆ దారిలో ఓ వస్తువు పెడితే ఎదుటి గాజు మీద నీడ పడింది. అంటే కాథోడ్ నుంచి ఏదో తిన్నగా వస్తోంది. 1876లో గోల్డ్‌స్టీన్ వాటికి ‘కాథోడ్ కిరణాలు’ అని పేరు పెట్టాడు.

పేరైతే పెట్టారు... అవేమిటి?

ఇంగ్లండ్‌లో విలియం క్రూక్స్ అవి కణాలన్నాడు. అప్పటికి పంపులు ఇంకా మెరుగయ్యాయి. గొట్టంలో గాలి పది లక్షల వంతుల్లో ఒక వంతుకు పడిపోయింది. ‘ఖాళీ’ అంటే అంత ఖాళీ ఏమీ కాదు. అప్పటికీ ఒక్కో ఘన సెంటీమీటరులో దాదాపు 25 లక్షల కోట్ల అణువులుంటాయి! అయితే మామూలు గాలిలో ఒక అణువు మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా వెళ్లకుండానే ఇంకోదాన్ని ఢీకొంటుంది. ఇక్కడ కొన్ని సెంటీమీటర్లు అడ్డులేకుండా పోగలదు. అంటే దాదాపు గొట్టమంత దూరం. 1879లో షెఫీల్డ్ సభలో క్రూక్స్ లోపల శిలువ ఆకారం పెట్టి దాని నీడ చూపించాడు. తెడ్ల చక్రం పెడితే అది దొర్లింది. కణాలు తోస్తున్నాయన్నాడు. చక్రం తిరగడానికి అసలు కారణం ఆ తోపుడు కాదు, వేడి అని తర్వాత తేలింది. సరైన మాటకు పొరపాటు సాక్ష్యం!

జర్మన్లు ఒప్పుకోలేదు. వెలుగులాగే ఇవీ ఓ రకం తరంగాలన్నారు. ఇలా ఓ శాస్త్ర వివాదం కాస్తా రెండు దేశాల పంతంగా మారింది. తీర్పు చెప్పడానికి నిలబడింది హైన్రిచ్ హెర్ట్జ్.

హెర్ట్జ్ చేసిన పొరపాటు

రేడియో తరంగాలు ఉన్నాయని ప్రయోగం చేసి నిరూపించినవాడు హెర్ట్జ్. రేడియోలో ‘మెగాహెర్ట్జ్’ అన్నప్పుడల్లా పలికేది ఆయన పేరే. గీస్లర్ గొట్టం వెలిగిన 1857లోనే పుట్టాడు. ప్రయోగం చేయడంలో ఆయనకు సాటి అరుదు. ఆయన 1883లో వేసుకున్న ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. కాథోడ్ కిరణాలు విద్యుదావేశం ఉన్న కణాలైతే, ప్లస్ పలక వాటిని లాగాలి, మైనస్ పలక నెట్టాలి. కాబట్టి ఆ రెండు పలకల మధ్యకు వాటిని పంపి చూడాలి.

పంపాడు. కిరణం వంగలేదు.

కళ్లెదుట కనిపించింది కనిపించినట్టు రాశాడు. వంగలేదు కాబట్టి ఇవి ఆవేశం ఉన్న కణాలు కావని నిర్ణయించాడు. ఆలోచనలో తప్పు లేదు, చేసిన తీరులో అశ్రద్ధ లేదు. తప్పంతా గొట్టంలో మిగిలిన ఆ కాసింత గాలిది. కిరణాలు ఆ గాలి గుండా పోతూ దాన్నే కరెంటు పారే వాయువుగా మార్చేశాయి. పలకల దగ్గరికి ఎదురు ఆవేశాలు చేరి వాటి బలాన్ని కప్పేశాయి. కిరణానికి పలకలు ఉన్నా లేనట్టే అయిపోయింది.

హెర్ట్జ్ 1889లో బాన్‌కే ప్రొఫెసరుగా వచ్చాడు. గీస్లర్ పాదరసం ఎత్తి దించిన ఊరు అది. 1894 జనవరి 1న అక్కడే, 36 ఏళ్లకే, జబ్బుతో కన్నుమూశాడు. తన గొట్టం ఇంకొంచెం ఖాళీగా ఉంటే తానే సమాధానం చూసేవాడినని ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. మరో మూడేళ్లు బతికి ఉంటే తెలిసేది.

సొరుగులో దాగిన ఎక్స్‌రే

కళ్లెదుట ఉన్నది కనబడకపోవడం ఒక్క హెర్ట్జ్‌కే జరగలేదు. 1890 ఫిబ్రవరి 22న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆర్థర్ గుడ్‌స్పీడ్ అనే ప్రొఫెసరు, విలియం జెన్నింగ్స్ అనే ఫొటోగ్రాఫరు కలిసి విద్యుత్ రవ్వల ఫొటోలు తీశారు. పని అయ్యాక క్రూక్స్ గొట్టాలు వెలిగించి చూశారు. ఆ పక్కనే ఫొటో ప్లేట్లున్నాయి. కడిగి చూస్తే ఓ ప్లేటు మీద నాణేల్లాంటి గుండ్రటి నీడలు. అర్థం కాలేదు. ప్లేటును దాచిపెట్టారు.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్హెల్మ్ రాంట్‌జెన్ అలాంటి గొట్టాన్నే నల్ల అట్టతో కప్పి వెలిగించాడు. దూరంగా ఉన్న రసాయనం పూసిన తెర మెరిసింది. ఆయన దాన్ని వదల్లేదు. వారాల తరబడి ప్రయోగశాలలోనే ఉండి పరీక్షించాడు. డిసెంబరు 22న భార్య చేతి ఎముకలు, వేలి ఉంగరం ఫొటో ప్లేటు మీద కనిపించాయి. ప్రపంచం గగ్గోలెత్తింది. అప్పుడు గుడ్‌స్పీడ్ పాత ప్లేటు తీసి చూసుకున్నాడు. ఎక్స్‌రే ఫొటో! అయిదేళ్లుగా తన దగ్గరే ఉంది. కనిపెట్టిన ఘనత తమదని మాత్రం వాళ్లు ఎన్నడూ అనలేదు.

వెలుగు ఆలస్యంగా అర్థమవడం వేరు, దాని దెబ్బ ఆలస్యంగా అర్థమవడం వేరు. ఎడిసన్ ప్రయోగశాలలో క్లారెన్స్ డాలీ అనే గాజు పనివాడు ఎక్స్‌రే గొట్టాలు పరీక్షించేవాడు. గొట్టం బాగా పని చేస్తోందో లేదో చూడటానికి తన చేతులే అడ్డుపెట్టేవాడు. కాలిన గాయాలు మానలేదు. పుండ్లు క్యాన్సరయ్యాయి. రెండు చేతులూ తీసేయాల్సి వచ్చింది. 1904లో, 39 ఏళ్లకు పోయాడు. ఎడిసన్ ఎక్స్‌రేల జోలికి వెళ్లడం మానేశాడు. గొట్టం చేసిన చేతులకే గొట్టం శాపమైంది.

ఎవరెట్ చేసిన ఖాళీ

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో జె.జె.థామ్సన్ హెర్ట్జ్ ప్రయోగాన్నే మళ్లీ చేశాడు. మొదట ఆయనకూ కిరణం వంగలేదు. హెర్ట్జ్ చెప్పిందే నిజమనుకుని అక్కడితో వదిలేయవచ్చు. థామ్సన్ మాత్రం గొట్టాన్నే అనుమానించాడు. మిగిలిన గాలి వల్లే ఇలా అవుతోందేమో, ఇంకా తోడి చూద్దామన్నాడు.

తోడింది మాత్రం ఆయన కాదు. థామ్సన్ లెక్కల్లో ఎంత దిట్టో చేతి పనిలో అంత మొరటు. సున్నితమైన పరికరాల జోలికి ఆయన రాకుండా చూసుకునేవాడట సహాయకుడు ఎబెనీజర్ ఎవరెట్. గొట్టాలు ఊదింది, ధ్రువాలు అతికింది, గాలి తోడింది ఎవరెట్. 1897లో ఆయన చేసిన గొట్టంలో పలకలకు కరెంటు ఇస్తే ఆకుపచ్చ చుక్క నెమ్మదిగా పక్కకు జరిగింది.

కిరణం వంగింది! ఎంత వంగిందో కొలిచి, అయస్కాంతంతో వంచి పోల్చి, థామ్సన్ లెక్క కట్టాడు. ఈ కణాలు అన్నిటికంటే తేలికైన హైడ్రోజన్ పరమాణువు కన్నా వెయ్యి రెట్లకు పైగా తేలిక. ఇప్పటి లెక్కలో దాదాపు 1,836 రెట్లు. ఏ లోహంతో ధ్రువం చేసినా, లోపల ఏ వాయువున్నా అదే కణం. అంటే పరమాణువు కన్నా చిన్నది మరొకటుంది. 1897 ఏప్రిల్ 30న లండన్‌లో ఈ సంగతి చెబితే వేళాకోళం ఆడుతున్నాడనుకున్నవాళ్లూ ఉన్నారట. ఆ కణమే ఎలక్ట్రాన్.

మరి తరంగాలన్న జర్మన్లు పూర్తిగా ఓడిపోయినట్టేనా? ఎలక్ట్రాన్ కణమని చూపిన థామ్సన్‌కు 1906లో నోబెల్ వచ్చింది. అదే ఎలక్ట్రాన్ తరంగంలా కూడా ప్రవర్తిస్తుందని చూపినందుకు 1937లో నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరు జి.పి.థామ్సన్. ఆయన జె.జె.థామ్సన్ కొడుకే!

ఊరి సబ్‌స్టేషన్‌లో శూన్యం

ఆ గొట్టాల సంతతి మన ఇళ్లను చాలాకాలం ఏలింది. వెనుక పెద్ద మూపురంతో ఉండే పాత టీవీలోని పిక్చర్ ట్యూబ్ కాథోడ్ కిరణాల గొట్టమే. ఇప్పుడది పాత సామాన్ల కొట్టుకు చేరింది. శూన్యం మాత్రం ఇంకో చోట కొలువుంది. సబ్‌స్టేషన్‌కు వెళ్తే అక్కడివాళ్లు ‘వీసీబీ’ అంటుంటారు. వాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్. 11 కేవీ, 33 కేవీ లైన్లలో ఏదైనా తేడా వస్తే కరెంటును తెంచేది అదే.

గాలి తీసేసిన సీసాలాంటి దాన్లో రెండు లోహపు ముక్కలు ఆనుకుని ఉంటాయి. తేడా రాగానే అవి విడిపోతాయి. విడిపోయే ఎడం సెంటీమీటరు అటూ ఇటూ. అక్కడ కాలడానికి గాలి లేదు కాబట్టి ఆ లోహమే ఆవిరై కాసేపు మంటలా వెలుగుతుంది. మన కరెంటు క్షణానికి వందసార్లు సున్నాకు వస్తుంది. అలా వచ్చిన క్షణంలో ఆవిరి చప్పున చల్లబడి చుట్టూ అంటుకుపోతుంది. మిగిలేది శూన్యం. మైదానం ఖాళీ. కరెంటు దాటలేదు. కొంచెం ఖాళీ చేస్తే వెలిగించే శూన్యం, పూర్తిగా ఖాళీ చేస్తే ఆపేస్తుందన్నమాట!

ఎంత ఖాళీ చేసినా ఒక్కోసారి రవ్వ పుడుతూనే ఉంటుంది. లోహం పైకి నున్నగా ఉన్నా, కంటికి కనపడని సూది మొనలుంటాయి. వాటి దగ్గర విద్యుత్ బలం పోగుపడి ఎలక్ట్రాన్లు జారుకుంటాయి. ఆ రవ్వ సరిగ్గా ఎలా మొదలవుతుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కణాలను మహా వేగంతో పరిగెత్తించే యంత్రాలకు ఇది పెద్ద తలనొప్పి. అందుకే జెనీవా దగ్గరి సెర్న్ సంస్థలో దీని మీద పరిశోధన చేశారు, చేస్తున్నారు. పికార్ బేరోమీటరు మెరిసి మూడున్నర శతాబ్దాలైంది. స్టార్టరు ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

కాబట్టి పందిట్లో బామ్మర్ది ఆలస్యంగా నవ్వితే కాస్త ఓపిక పట్టండి. హెర్ట్జ్‌కు ఆ మూడేళ్లు దొరకలేదు. బామ్మర్దికి కావాల్సింది రెండు నిమిషాలే!